వీణ గదికి ఘోషా తెర

మా ముత్తాతగారు సంస్థానం వారి మొఖాసాదారు. బొబ్బిలికి పడమరనున్న కొన్ని ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా వెళ్లేది. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచేవారు. మా తాతగారు శిస్తు సంగతి గుమాస్తాలకు వదిలేసి కచేరీ సావిడి కట్టించారు. ఎత్తైన మద్రాసు మిద్దె, రాతి స్తంభాలు, కోడిగుడ్డు సొన కలిపిన సున్నంతో అద్దంలా నునుపు చేసిన గోడలు. దసరాకు వైణికులు బళ్లు కట్టుకుని వచ్చేవారు. వెళ్లేటప్పుడు శాలువాతో పాటు బండెడు ధాన్యం తీసుకెళ్లేవారు. మా నాన్నగారి నాటికి ధాన్యం పోయి శాలువా మిగిలింది. తరవాత అదీ ఇచ్చే స్తోమత పోయింది. అప్పుడు ఊరివాళ్లే ఆయన్ని సభలకు పిలిచి, ఫలానా వంశం వారని నాలుగు మాటలు చెప్పి, ఆయన భుజాల మీద శాలువాలు కప్పేవారు. సావిడి ఆయన ఉండగానే చేతులు మారింది. ఇప్పుడు అక్కడ పెళ్లిళ్లు జరుగుతాయని విన్నాను. చూడ్డానికి వెళ్లలేదు.

గొప్పలు చెబుతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఇదంతా చెప్పకపోతే, ఒక అద్దె గది గోడలకు గుడ్డలు వేలాడదీయడానికి నేను అంత యాతన ఎందుకు పడ్డానో తెలియదు.

విజయనగరం బజారులో ఒక దినుసుల దుకాణం పైవాటాలో ఉంటున్నాను. మా హోదాకు తగ్గ సంబంధం కోసం చూస్తూ చూస్తూనే నాన్నగారు వెళ్లిపోయారు కనుక నాకు పెళ్లి కాలేదు. నాతో మా మేనత్త ఉంటుంది. నాన్నగారి ఆఖరి చెల్లెలు. ఎనభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. చూపు మందగించింది గానీ, కింద దుకాణంలో త్రాసు పళ్లెం కదిలినా పైనుంచి వింటుంది. నేను వీణ నేర్పుతాను. నేర్పేదాన్ని అనడం నిజానికి దగ్గర. ఊళ్లో పిల్లలు ఒక్కరొక్కరే మానేశారు. కొందరికి ట్యూషన్లు అడ్డొచ్చాయి, కొందరు కీబోర్డుకు మారారు. ఎందుకు మానేస్తున్నావని ఒక్కరినీ అడగలేదు. ఒకరిని అడగడం మా ఇంట్లో అలవాటు లేదు.

ఇంక మిగిలింది వీణ. తాతగారు బొబ్బిలిలో దగ్గరుండి చేయించినది. అతుకు లేకుండా ఒకే పనస దుంగలోంచి తొలిచిన వీణ. దాని మీద మా బావ కన్ను పడింది. నాన్నగారి పెద్దక్క కొడుకు, స్థలాల బేరాలు చేస్తాడు. ఒక ఉదయం కాఫీ వేళకు వచ్చాడు.

"మరదలా, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొత్త హోటలు లేస్తన్నాది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే గాజు పెట్టెలో వీణ పెడతారంట. కింద ఇత్తడి పలక మీద మన ఇంటిపేరు సెక్కిస్తారు."

"నీ ఇంటిపేరు వేరు కదా బావా," అన్నాను.

"సర్లే, నీ ఇంటిపేరే. నాకేటి? ఇస్తాననాలి గానీ."

అత్త మంచం మీంచి అంది. "గాజు పెట్టెలో పెడితే దానికి గాలెలాగ ఆడతాదిరా?"

"వీణకి గాలేటి పిన్నీ!"

"నీకు ఆడతన్నాది కదా. దానికేం పాపం?"

బావ నవ్వాడు గానీ మాట వదల్లేదు. నెలాఖరుకు హోటలువాళ్లను తీసుకొస్తానన్నాడు. వద్దు అని నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. అత్త మందుల చీటీ ఆ పక్క బల్ల మీదే ఉంది.

ఆ వారంలోనే నా పాత శిష్యురాలు ఒకామె ఫోన్ చేసి, హైదరాబాదులో ఇంటర్నెట్ ద్వారా సంగీతం చెప్పించే బడి ఒకటి ఉందనీ, వాళ్లకు వీణ గురువులు కావాలనీ చెప్పింది. నేను వాయించినది ఒకటి రికార్డు చేసి పంపాలట. పంపాను. ఆ బడి నుంచి ఒక అమ్మాయి మాట్లాడింది. గొంతులో మర్యాద ఉంది.

"మేడమ్, మీ వాయింపు మాకు నచ్చింది. కానీ గది మోత చాలా ఉంది. ఏమీ అనుకోకండి, బాత్రూమ్‌లో కూర్చుని వాయించినట్టు వినిపిస్తోంది. పిల్లలకి స్వరం విడిగా తెలియాలి కదండీ. గదికి ఏదైనా చేసి, నెలాఖరులోగా ఇంకొకటి పంపండి. అది బాగుంటే వెంటనే క్లాసులు ఇస్తాం."

ఆ బాత్రూము మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. సంగీతంలో మంచి చెడు ఎంచగలవాళ్లు మా సావిడికి ఎవరెవరో వచ్చేవారు. అది వదిలేసినా, విషయం తేటగానే ఉంది. నెలాఖరుకు బడివాళ్లు సరేనంటే వీణ నా ఒళ్లో ఉంటుంది. కాదంటే హోటలు గుమ్మంలో ఉంటుంది.

గది మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టి చూడమని ఫోనులో ఒక వీడియోలో ఎవరో చెబుతుంటే విని, కొట్టాను. నా చప్పట నాకే సత్తు గిన్నె మోగినట్టు తిరిగొచ్చింది. సిమెంటు గోడలు, టైల్సు నేల, పైన స్లాబు, మూలన ఇనప బీరువా. మెత్తనిది ఏదీ లేదు. మోత తగ్గించడానికి అమ్మే మందపాటి స్పాంజి పలకలు నా తాహతుకు మించినవి. ఇంట్లో ఉన్న బట్టలతోనూ చేసుకోవచ్చని అదే మనిషి చెప్పాడు.

బట్టలంటే నాకు మొదట తోచినవి నాన్నగారి శాలువాలు. పెట్టె నిండా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇస్త్రీ చేశాను. గోడలకు చెక్క బద్దలు కొట్టించి, ముడత లేకుండా బిగలాగి, అంచులు బయటికి కనిపించేటట్టు మూడు గోడలకూ పరిచాను. గోడ మీద గుడ్డ ముడతలు పడి వేలాడితే ఆరేసిన బట్టల్లా ఉంటుందని నా భయం. రోజంతా పట్టింది. అయ్యాక దూరంగా నిలబడి చూస్తే గదికి ఒక కళ వచ్చింది. చప్పట కొట్టాను. సత్తు గిన్నె అలాగే మోగింది.

కింద దుకాణం యజమానురాలు అద్దె గురించి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మాకు ఇల్లు అద్దెకిచ్చింది వాళ్లే. మూడు తరాలుగా బజారులో ఉన్న వ్యాపారస్థులు. ఆవిడ నోటికి తలుపు లేదు, మనసుకూ లేదు.

"ఏటమ్మా ఇది? పైన బట్టల కొట్టు ఎట్టీసినారేటి? మాకు ఒక మాట సెప్పాలి కదా, మేం కింద పప్పులు అమ్ముకుంటన్నాం."

సంగతి చెప్పాను. ఆవిడ వచ్చి ఒక శాలువా అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇందులో ఏటున్నాదమ్మా, ఉల్లిపొరలాగున్నాది. మా గొడౌన్‌లో బస్తాలు నిండుగున్నప్పుడు అరిసినా మాట ఇనబడదు. బస్తాలు లేపీసినాక సూడు, దగ్గితే దెయ్యం దగ్గినట్టుంటాది. మా ఇంటికాడ బొంతలున్నాయి, ఖాళీ గోనెలున్నాయి. పంపుతాను, కట్టుకోండి."

"అవసరం లేదండీ," అన్నాను.

నా గొంతు నాకే కటువుగా వినిపించింది. మా ఇంట్లో బొంతలు గాదెల దగ్గర పడుకునే పాలేర్లకు కుట్టించేవారు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి. అవి వీణ గదిలోకి రావడం అనేది నా ఊహలో ఎక్కడా లేదు. ఆవిడ భుజాలెగరేసి, "మీ ఇష్టం తల్లీ," అని దిగిపోయింది.

ఇంక నా దగ్గర మందంగా ఉన్న గుడ్డ ఒక్కటే. ఘోషా తెర.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంట పడేవారు కాదు. సావిడిలో కచేరీ జరిగితే, పక్క వసారాకీ సావిడికీ మధ్యనున్న పెద్ద కమాను నిండా తెర దించేవారు. ఆ వసారాలో చాపల మీద కూర్చుని ఆడవాళ్లు వినేవారు. తెర రెండు పొరల గుడ్డ, మధ్యలో దూది పరిచి కుట్టినది. సావిడి వైపు ముదురెరుపు పట్టు, చేతి వెడల్పున వెండి జరీ అంచు. వసారా వైపు ముతక నూలు గుడ్డ. సావిడి పోయినప్పుడు నాన్నగారు స్తంభాల దగ్గర నిలబడి ఈ తెర మాత్రం విప్పించి వెంట తెచ్చారు. అది భోషాణం అడుగున ఉండేది. ఏటా ఎండలో వేసి, వేపాకు మార్చి, మళ్లీ మడత పెట్టేదాన్ని. మా ఇల్లు ఇంకా ఉందని నేను అనుకోవడానికి నాకున్న ఆధారం అదే.

దాన్ని ఇద్దరు కూలీలతో గోడకు ఎక్కించాను. మళ్లీ అదే పద్ధతి. జరీ గదిలోకి కనపడేటట్టు, ముడత లేకుండా, గోడకు అంటుకునేటట్టు బిగించి. చప్పట కొట్టాను. కొంత తగ్గింది. సత్తు గిన్నె ఇత్తడి గిన్నె అయింది, అంతే.

అత్త గోడ పట్టుకుంటూ వచ్చింది. చేత్తో తడిమి, ఏ గుడ్డో తెలుసుకుని, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఈ పీడని ఎందుకు తీశావే?"

"గది మోత తగ్గడానికత్తా."

"ఇలాగ బల్లపరుపుగా దిగ్గొడితే ఎలాగ తగ్గుతాది? ఇది గోడకి అంటించేది కాదు. కమానుకి మూరెడు ఇవతల దూలానికి వేలాడేది. మేం లోపల కదిలితే మా ఆకారం బయటివాళ్లకి తెలియకూడదని దూరంగా కట్టేవారు. బోలెడు కుచ్చిళ్లుండేవి. కుచ్చిళ్లలో పడి సగం పాట సచ్చిపోయేది. మిగతా సగం దూదిలో."

"బాగా వినిపించేది కాదా?"

అత్త మంచం అంచున కూర్చుంది.

"గుమ్మడికాయలో ఎవరో గొణిగినట్టుండేది. మంద్రం తీగ ఒకటే వచ్చేది మా దాకా. పైకెళ్లి వాయించేడా, ఇంక మాకేమీ లేదు. భళా భళా అని మగవాళ్లు అరిసేవారు. ఆ అరుపు ఇనబడగానే మేమూ తలలూపేవాళ్లం. మా అమ్మ అందరికంటే ముందు ఊపేది."

ఇన్నేళ్లలో ఆవిడ ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నేను పుట్టేసరికి ఘోషా సడలిపోయింది. నేను సావిడి మధ్యలో నాన్నగారి పక్కన కూర్చుని వినేదాన్ని. ఆ తెర నా వరకు ఒక జరీ అంచు.

"ఆ ఎడం పక్క కింద సూడు," అంది అత్త. "సిన్నపిల్ల కూర్చుంటే చెవి ఎంత ఎత్తులో ఉంటాదో అంత ఎత్తులో."

వంగి వెతికాను. పట్టు మీద తెల్లదారంతో చేసిన కుట్టు ఒకటి ఉంది. చిల్లు పడితే మూసిన కుట్టు. ఎర్రదారం దొరకలేదో, వెతికే ఓపిక లేదో.

"గోనెలు కుట్టే దబ్బనంతో పొడిచాను. పొడిచి, దూది పీకి, చెవి ఆనించాను. అప్పుడు ఇన్నాను పైస్థాయి పలికే సారణి తీగ. ఒక్క సాయంత్రం. మర్నాడు మా అమ్మ కుట్టీసింది. కుట్టి, అదే దబ్బనంతో నా వేళ్ల మీద కొట్టింది."

కూలీలను మళ్లీ పిలిచాను. గోడకు మూరెడు ఇవతల, స్లాబు కొక్కేలకు వెదురు కర్ర కట్టించి, తెరను కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా వేలాడదీయించాను. కుచ్చిళ్లలో జరీ సగం కనిపించకుండా పోయింది. బీరువా మీద దుప్పట్లు కప్పాను. నేల మీద జంపఖానా పరిచాను. శాలువాలను మడతల మీద మడతలు పెట్టి కిటికీలో కుక్కాను.

చప్పట కొట్టాను. చప్పట చప్పటలాగే వినిపించి, అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం దుకాణం తలుపులు దించి అందరూ భోజనాలకు వెళ్లే వేళ కొంచెం సద్దు మణుగుతుంది. ఆ వేళ చూసి వాయించాను. ఫోనులో రికార్డయింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను.

గది మోత లేదు. అది నిజం. కానీ ముందుగా నా చెవికి తగిలింది ఒక జిర్రు. మధ్య స్థాయిలో వీణ మెట్లు రెండు దిగిపోయి, తీగ పక్క మెట్టుకు రాసుకుంటోంది. మెట్లను పట్టి ఉంచే మైనం ఎండి పగిలింది. ఎన్నాళ్ల నుంచి పగిలిందో. రెండోసారి విన్నప్పుడు నా వేలి తప్పు దొరికింది. గమకానికి తీగను లాగవలసినంత లాగడం లేదు. స్వరం దాకా వెళ్లి, దాని గుమ్మంలో ఆగి, తిరిగొస్తోంది. మూడోసారి వినలేదు.

మా సావిడిలో ఒక స్వరం వదిలితే అది స్తంభాల మధ్య తిరిగి తిరిగి, పక్క స్వరంతో కలిసి, మిద్దె కింద చాలాసేపు ఉండేది. తప్పు అందులో కరిగిపోయేది. ఆ సావిడిలో అందరూ బాగానే వాయించేవారు. నాకు చెయ్యి తిరిగింది అక్కడ, చెవి ఏర్పడింది అక్కడ. ఈ అద్దె గది కూడా తన సిమెంటు గోడలతో అదే ఉపకారం చేస్తూ వచ్చింది. అందుకే ఇన్నేళ్లూ నాకు నా వీణ బాగానే వినిపించింది.

అది బడికి పంపలేదు. వేలి సంగతి నేను చూసుకోగలను, రోజూ కూర్చుంటే వస్తుంది. మెట్ల సంగతి నా చేతిలో లేదు. పాత మైనం తీసేసి, మెట్లన్నీ కొత్తగా స్థానాల్లో నిలబెట్టాలి. మేళం కట్టడం అంటారు. బొబ్బిలి తీసుకెళ్లాలి. అందుకు డబ్బు కావాలి.

బావకు ఎలా తెలిసిందో, ఫోన్ చేశాడు. "ఎందుకు మరదలా ఈ యాతన? హోటలువాళ్లకి మెట్లు ఊడినా పరవాలేదు. వాళ్లేటి వాయిస్తారా?"

నా మంచికే చెప్పాడు. ఆ మాటతోనే నాకు వీణ ఇవ్వకూడదని గట్టిగా అనిపించింది. అనిపిస్తే సరిపోదు గదా. తెర ముందు కూర్చున్నాను. అత్త నా వెనక మంచం మీద ఉంది. ఆ గదిలో వాయిస్తున్నంతసేపూ అత్త లోపలికి రాలేదన్నది అప్పుడు గుర్తొచ్చింది. బయట మేడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడ కాస్త మోత ఉంటుంది.

"తెర అమ్మెయ్యి," అంది అత్త.

"అత్తా, అది మన సావిడిది. ఇంకేం మిగిలింది మనకి?"

"జరీ మంచిది. తూకానికి పట్టుకెళ్తారు. మేళం కట్టించు."

"అమ్మేస్తే గదికేం కట్టను?"

"కిందావిడ బొంతలిస్తానంది కదా. నాకినబడింది."

"మన ఇంటి తెర తీసి, ఆ బొంతలు..."

"మన ఇంటి తెరా?" అత్త గొంతు పెంచలేదు. "మగవాళ్ల వైపు పట్టు, మా వైపు ముతక గుడ్డ. నీది ఏ వైపే?"

నేను పట్టు వైపు కూర్చుని విన్నదాన్ని. ఆ వైపు కూర్చోనిచ్చారన్న గర్వంతోనే ఇన్నేళ్లు ఆ గుడ్డకు వేపాకు మార్చాను. లేచి వెళ్లి ఆ తెల్లదారం కుట్టు మీద వేలు పెట్టి చూశాను. గట్టిగా ఉంది. మా నాయనమ్మ చేతి కుట్టు.

మర్నాడు పొద్దున్న కింద దుకాణంలోకి వెళ్లాను. అద్దె ఇవ్వడానికి తప్ప నేను అందులో అడుగు పెట్టలేదు. గల్లా పెట్టె దగ్గర ఆవిడ మినప్పప్పులో రాళ్లేరుతోంది. కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు వెళ్లే దాకా నిలబడదామనుకున్నాను. వాళ్లు వెళ్లలేదు.

"మీ బొంతలు కొన్నాళ్లు ఇస్తారా?" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఈ ముక్క అడగడానికి ఇన్నాళ్లు పట్టినాదా తల్లీ? నానేటి, బంగారం ఇస్తానన్నానా? బొంతలే కదా!" కొనేవాళ్లు కూడా నవ్వారు. వాళ్ల నవ్వులో వెటకారం లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి.

తెర దింపాం. ఆ కర్రకే బొంతలు కుచ్చిళ్లు పెట్టి వేశాం. ఒక దాని మీద ఆకుపచ్చ పూల చీర, దాని పక్కన ఎవరిదో పెళ్లినాటి గళ్ల చీర, దాని కింద పిల్లల లాగుల గుడ్డ. స్లాబు కింద తాళ్లు కట్టి పల్చటి బొంతలు పరిచాం. మూలల్లో పాత గుడ్డలు కుక్కిన గోనెలు నిలబెట్టాం. ఆవిడే దబ్బనం తెచ్చి మూతులు కుట్టింది. అన్నీ కందుల గోనెలేనని ఒట్టేసింది. ఒకటి మిరపకాయలదని నేను వీణ ముందు కూర్చున్నాక తెలిసింది. ఆ పూట మేం ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం.

"మామ్మగారూ, మీ తుమ్ముకి కూడా మోత రాలేదు. పని సేసినట్టే," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

"నీ గోనె తగలెయ్య," అంది అత్త, మళ్లీ తుమ్మి.

వీణ బొబ్బిలి వెళ్లొచ్చింది. బస్సులో పక్క సీటుకు కూడా టిక్కెట్టు తీసుకుని, పిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తెచ్చాను. మెట్లు స్థానాల్లో ఉన్నాయి, నల్లటి కొత్త మైనం మెరుస్తోంది. రోజూ పొద్దున్నా మధ్యాహ్నం బొంతల మధ్య కూర్చుని వాయించాను. ఆ గదిలో పొగడ్త లేదు. వేలు ఎంత లాగితే అంతే వినిపిస్తుంది. చాలా రోజులు నా వీణ నాకు చిన్నదిగా, ఎవరో నేర్చుకుంటున్నట్టుగా వినిపించింది. నడుం నొప్పెట్టేది. ఈ వయసులో ఇదేమిటని కూడా అనిపించేది. మానలేదు. నెలాఖరు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం రికార్డు చేసి, ఒకసారి విని, పంపేశాను.

బడి అమ్మాయి రెండో రోజున మాట్లాడింది. "మేడమ్, ఇప్పుడు చాలా స్పష్టంగా ఉంది. స్టూడియోలో చేశారా?"

"లేదమ్మా. ఇంట్లోనే."

"గదికి ఏం చేయించారు?"

"బట్టలు కట్టాను," అన్నాను. బొంతలు అని నోటికి రాలేదు. క్లాసులు ఇస్తామంది.

హోటలువాళ్లతో బావ వచ్చాడు. ఇద్దరు, మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు. గదిలోకి తొంగి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏటి మరదలా ఇది? ఇత్తడి పలక మీద ఏటి రాయమంటావు వాళ్లని? పప్పు కొట్టు బొంతలనా?"

"ఏమీ రాయక్కర్లేదు బావా. వీణ ఇవ్వడం లేదు. కాఫీ తాగి వెళ్లండి."

నా వీపు నిటారుగానే ఉంది. అది మా ఇంట్లో అందరికీ ఉన్నదే. ఆ ముందు రోజు ఆ బొంతలకే చేరబడి నిద్రపోయానని బావకు చెప్పనక్కర్లేదు. వాళ్లు కాఫీ తాగారు. బావ తాగకుండా మెట్లు దిగాడు. ఇప్పటికీ కోపంగానే ఉన్నాడు.

ఇప్పుడు వారంలో కొన్ని సాయంత్రాలు పాఠాలు. ఫోనులో ఎక్కడెక్కడి పిల్లలో కనిపిస్తారు. "టీచర్, మీ వెనక ఆ చీరలేంటి?" అని ఒక చిన్నది అడిగింది. ఒకరివి కాదు, చాలామందివి అని చెప్పాను. పాఠాలయ్యేసరికి నాకు మాట్లాడే ఓపిక ఉండదు. అప్పుడు అత్త గోడ పట్టుకుంటూ వస్తుంది. బొంతలన్నీ కర్ర మీద ఒక మూలకు జరిపేస్తుంది. గోడలు బయటపడి గది మళ్లీ సత్తు గిన్నె అవుతుంది. నా ఎదురుగా, చెయ్యి చాపితే వీణ సొరబుర్ర తగిలేంత దగ్గరగా కూర్చుంటుంది.

"పైస్థాయిలో వాయించు," అంటుంది. "సారణి మీద."

ఎంత అలిసినా వాయిస్తాను. భళా అనదు. తల కూడా ఊపదు. ఊరికే వింటుంది.

పాతవాళ్లు ఎవరైనా వస్తే, సావిడి తెర మీ దగ్గరే ఉండాలే, ఒకసారి చూపించండి అంటారు. అమ్మేశామని చెబుతాను. ముతక గుడ్డ ఎవరికీ అక్కర్లేకపోయింది. పట్టు చీకిపోయి పిడికిట్లోనే పొడి అయింది. దూది పరుపులు కుట్టేవాళ్లు కొన్నారు. జరీ గజపతినగరంలో వెండి కరిగించే అతను కొన్నాడు.